నల్గొండలో రీఫ్ ట్యాంకు పెట్టాలనుకునే తమ్ముడికి: చేపల కంటే ముందు నీళ్ళు

తమ్మీ, నువ్వు రాసింది మొత్తం చదివాను. నల్గొండలో మొదటి అంతస్తు ఇల్లు, బోరు నీళ్ళు, మూడేళ్ళు గోల్డ్‌ఫిష్ పెంచిన అనుభవం, మూడడుగుల గాజు ట్యాంకు ఆర్డర్ ఇచ్చేశావు, పాప నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్ కావాలంటోంది, వచ్చే ఆదివారం హైదరాబాద్ పోయి చేపలూ కోరల్సూ (పగడాలు) తెచ్చుకోవచ్చా అని అడిగావు. బాపట్లలో బావ ఉన్నాడు కాబట్టి సూర్యలంక నుంచి సముద్రం నీళ్ళు క్యాన్లలో తెప్పిస్తే ఖర్చు తగ్గుతుందా అని కూడా అడిగావు. నేను మహబూబ్‌నగర్‌లో పదకొండేళ్ళుగా ఉప్పునీటి ట్యాంకు పెంచుతున్నాను. మన ఎండలు, మన బోర్లు, మన కరెంటు మధ్యనే. బయటి దేశాల వీడియోల్లో చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి నీకు ముందే తెలియాలి. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

వచ్చే ఆదివారం వద్దు. చేపలు తెచ్చుకునే ఆదివారం ఇంకా రెండు నెలల దూరంలో ఉంది. పాపకు ఆ మాట ఇప్పుడే చెప్పెయ్. ఈ రెండు నెలల్లో నువ్వు పెంచేది చేపల్ని కాదు, నీళ్ళని. గోల్డ్‌ఫిష్ మన చెరువు చేపల్లాంటి గట్టి పిండం, నీళ్ళు కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. రీఫ్‌లో, అంటే సముద్రంలోని పగడపు దిబ్బల్లో, బతికే ప్రాణులకు ఆ అలవాటు లేదు. అక్కడ ఉప్పు, వేడి, సున్నం పాళ్ళు ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటాయి. అదే స్థిరత్వం నువ్వు నల్గొండలో, మే నెలలో, నాలుగున్నర చదరపు అడుగుల జాగాలో నిలబెట్టాలి. సాధ్యమే. నా దగ్గర ఏడేళ్ళ క్లౌన్ జంట ఉంది.

బోరు నీళ్ళ గురించి మొదలుపెడతా. నల్గొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, నువ్వూ అదే భయపడ్డావు. నిజానికి అసలు సముద్రపు నీళ్ళలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. తాగేనీటికి మన దేశంలో పెట్టుకున్న హద్దు 1, ఇంకో దారి లేకపోతే 1.5. అంటే కోరల్స్‌కి ఫ్లోరైడ్ కొత్త కాదు. మన బోరు నీళ్ళలో ట్యాంకును పాడుచేసేవి వేరే: నైట్రేటు, సిలికేటు, లెక్కలేనంత బైకార్బొనేటు, పైపుల నుంచి దిగే లోహాలు. వీటిలో ఏది ఎంత ఉందో నీకు తెలియదు, వేసవికి ఒకలా వానాకాలానికి ఒకలా మారుతుంది కూడా. పైగా ఉప్పు ప్యాకెట్ తయారుచేసినవాడు, నువ్వు పోసే నీళ్ళలో ఏమీ ఉండదు అనుకునే లెక్క కట్టి ఉంటాడు.

ఇంట్లో తాగడానికి ఆర్వో ఉంది కదా, అది చాలదా అన్నావు. చాలదు. తాగే ఆర్వోలో రుచి కోసం కొన్ని లవణాలు మళ్ళీ కలుపుతారు. ఆ లవణాలు కలిపే గొట్టం తీసేసినా, మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) మంచి స్థితిలో ఉంటే నూటికి 90 నుంచి 95 పాళ్ళు ఆపుతుంది, అంతే. బోరు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 800 ఉంటే బయటికొచ్చేది 40 నుంచి 80. ఆ మిగిలినదాన్ని తీయడానికి ఆర్వో తర్వాత డీఐ రెసిన్ గొట్టం ఒకటి కావాలి, దాంట్లోంచి వచ్చే నీళ్ళకు మీటరు సున్నా చూపాలి. ఇంకో విషయం, మెంబ్రేన్ సరిగ్గా పనిచేయాలంటే ఒత్తిడి ఉండాలి. మిద్దె మీది ట్యాంకు నీకు మూడు మీటర్ల ఎత్తులో ఉందనుకో, దాని ఒత్తిడి ఎందుకూ పనికిరాదు (పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ వస్తుంది, మెంబ్రేన్‌కి కావాల్సింది మూడున్నర, నాలుగు), కాబట్టి బూస్టర్ పంపు తప్పదు. మీ వీధికి కృష్ణా నీళ్ళ కనెక్షన్ ఉంటే దాన్నే వాడు, బోరు కంటే మెంబ్రేన్ మీద భారం తక్కువ పడుతుంది. కాకపోతే అందులో క్లోరిన్ ఉంటుంది, క్లోరిన్ మెంబ్రేన్‌ని తినేస్తుంది, అందుకని ముందు కార్బన్ ఫిల్టరు మంచిది పెట్టుకో. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది, నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. మనుషులు తాగడానికి మంచి పద్ధతే, కానీ పటిక వేసిన నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది, అది నేరుగా ట్యాంకులోకి పోకూడదు. ఏ నీళ్ళైనా సరే ఆర్వో, డీఐ దాటే రావాలి.

ఒక మంచి లీటరుకు మూడు లీటర్ల దాకా వ్యర్థం పోతుంది, బాధ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆ నీళ్ళను బకెట్లలో పట్టి బాత్రూముకి, ఇల్లు కడగడానికి వాడుకో. మొక్కలకు మాత్రం పోయకు, ఉన్న లవణమంతా అందులోనే చిక్కబడి ఉంటుంది.

మంచినీళ్ళు పట్టి ఉంచడానికి నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు వాడు, కొత్తవి, ఇంతకుముందు కెమికల్స్ పోసినవి కాకుండా. మన ఇళ్ళలో రాగి బిందెలో నీళ్ళు ఆరోగ్యం అంటాం. ఈ పనికి రాగి విషం. రాగి బిందె, ఇత్తడి కుళాయి, రాగి చెంబు, ఏదీ ఆ నీళ్ళకు తగలకూడదు. చేప కొంతవరకు తట్టుకున్నా రొయ్యలు, నత్తలు, కోరల్స్ తట్టుకోవు.

బాపట్ల నీళ్ళ సంగతి. ఒకసారి 200 లీటర్లు తెప్పిస్తావు, సరే. ఆ తర్వాత వారం వారం 20 లీటర్లు, ఏళ్ళ తరబడి, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి ఎవరు తెస్తారు? బావ ఎంత మంచోడైనా అది జరిగే పని కాదు. పైగా ఒడ్డున పట్టే నీళ్ళు లోపలి సముద్రం నీళ్ళు కావు. వానలు పడ్డప్పుడు, కాలువలు కలిసే చోట ఉప్పు పడిపోతుంది, మురికి, నూనె, పొలాల మందులు అన్నీ ఒడ్డునే ఉంటాయి. ప్యాకెట్ ఉప్పు కొను. రెడ్ సీ, ఇన్‌స్టంట్ ఓషన్, ట్రాపిక్ మారిన్, ఏదైనా ఫర్వాలేదు, ఒకటి పట్టుకుంటే దాన్నే వాడు. కిరాణా ఉప్పు, కళ్ళుప్పు ఈ పనికి రావు, వాటిలో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే, కోరల్‌కి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు.

కలిపే పద్ధతి: ముందు నీళ్ళు, అందులో పంపు తిరుగుతుండగా కొంచెం కొంచెంగా ఉప్పు. లీటరుకు 36 గ్రాముల దగ్గర, అంటే 200 లీటర్లకు 7 కిలోల పైన. ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం గట్టిపడి తెల్లగా అడుగుకు దిగుతుంది, మళ్ళీ కరగదు. ఒక రాత్రంతా తిరగనిచ్చి రిఫ్రాక్టోమీటర్‌తో చూడు. చిన్న దుర్భిణిలా ఉంటుంది, గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురువైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనపడుతుంది. 35 ఉండాలి, సాంద్రత లెక్కలో 1.026. ఆ పరికరాన్ని మంచినీళ్ళతో కాకుండా 35 అని రాసి అమ్మే ద్రావణంతో సరిచూసుకో, లేకపోతే నీ అంకె తప్పు అని నీకే తెలియదు.

ట్యాంకు 3 అడుగులు, 1.5, 1.5 అన్నావు. లోపల పట్టేది 190 లీటర్లు. నీళ్ళు, గాజు, రాళ్ళు, స్టాండు కలిపితే 300 కిలోలకు తగ్గదు. ఇళ్ళ స్లాబులు మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కతో వేస్తారు, నీ ట్యాంకు అర చదరపు మీటరు కూడా లేని జాగాలో అంతకంటే ఎక్కువ పెడుతోంది. భయపడాల్సింది లేదు, కానీ గది మధ్యలో వద్దు, గోడవారగా, కింద దూలం ఉన్నచోట పెట్టు. ఇల్లు కట్టిన మేస్త్రీని ఒకసారి పిలిచి దూలం ఎటు పోయిందో అడుగు. స్టాండుకు ఇనుము వద్దు, ఉప్పు తుంపర్లకు ఏడాదిలో తుప్పు పడుతుంది. నేను వంటగది గట్టులా ఇటుక కట్టి మీద కడప బండ వేయించాను, రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసి, బండ మీద థర్మాకోల్ షీటు పరిచి ట్యాంకు పెట్టాను. పదకొండేళ్ళలో వెంట్రుకంత కూడా కదల్లేదు. కిటికీ ఎదురుగా మాత్రం పెట్టకు, ఎండ పడితే పాచీ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది.

కింద సంప్ పెట్టుకో. మన ఇళ్ళ ముందుండే నీళ్ళ సంపు కాదు, ట్యాంకు కింద పెట్టే చిన్న గాజు తొట్టి, 50, 60 లీటర్లది. పై నీళ్ళు పైపులోంచి కిందికి దిగి, అక్కడ శుభ్రమై, పంపుతో మళ్ళీ పైకి పోతాయి. అందులోనే స్కిమ్మర్ ఉంటుంది. బెల్లం వండే చోట కడాయి మీద తేలిన మడ్డిని తీసి పారేస్తారు చూడు, స్కిమ్మర్ చేసేది అదే. సన్నటి బుడగలకు చేప మలం, తిండి అవశేషాలు అంటుకుని నురగలా పైకి లేచి కప్పులో పడతాయి. మంచినీటి ట్యాంకులో ఇది పనిచేయదు, ఉప్పునీళ్ళలోనే బుడగలు అంత సన్నగా నిలుస్తాయి. ఆ కప్పులోంచి ముదురు టీ డికాషన్ లాంటి కంపు నీళ్ళు పారబోసినప్పుడు నీకు అర్థమవుతుంది అది ఎంత పని చేస్తోందో.

ట్యాంకు నింపిన రోజే ఒక పరీక్ష చెయ్యి. మెయిన్ స్విచ్ ఆపేసి పక్కనే కూర్చో. పంపు ఆగగానే పైన ఉన్న నీళ్ళలో కొంత పైపు గుండా వెనక్కి సంప్‌లోకి దిగుతుంది. సంప్ పొంగకుండా ఆ నీళ్ళన్నీ పట్టాలి. నాకు ఇది ఎవరూ చెప్పలేదు. రెండో ఏడు, మే నెలలో, అర్ధరాత్రి గాలిదుమారానికి కరెంటు పోయింది. పైపులో వెనక్కి రాకుండా పెట్టిన వాల్వులో చిన్న నత్త ఇరుక్కుని మూత పడలేదు. పొద్దున లేచేసరికి హాలంతా అరికాళ్ళు తడిసేంత ఉప్పునీళ్ళు, మంచం కాళ్ళు, పాత పుస్తకాల అట్టపెట్టె అన్నీ తడిసిపోయాయి. అప్పటినుంచి వాల్వుని నమ్మను. తిరిగి పైకొచ్చే పైపు మూతిని నీటిమట్టానికి అంగుళం కిందే ఉంచుతా, అంతకుమించి నీళ్ళు దిగడానికి వీలుండదు.

కరెంటు విషయంలో ఇంకో రెండు. ఉప్పునీళ్ళు కరెంటును బాగా మోస్తాయి. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని, ట్యాంకు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించు, పాప చెయ్యి పెట్టే ట్యాంకు ఇది, ఇక్కడ డబ్బు చూసుకోకు. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి పోవాలి, చుక్క జారినా ప్లగ్‌లోకి పోకుండా నేల మీద పడుతుంది. ఇన్వర్టర్ మీద లైట్లు, స్కిమ్మర్ పెట్టాల్సిన పనిలేదు. నీళ్ళు కదిలించే వేవ్‌మేకర్ ఒక్కటి తిరిగితే చాలు, అది తినే కరెంటు చాలా తక్కువ. చేపలు చీకటికి చావవు, కదలని నీళ్ళలో ఊపిరాడక చస్తాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ ఉంటుంది, వేసవి రాత్రి కరెంటు పోతే రెండు దెబ్బలూ కలిసే వస్తాయి.

ఇక ఎండాకాలం. దీని గురించి చాలామంది మనకు రీఫ్ ట్యాంకు కుదరదు అంటారు. నేను ఒప్పుకోను. నీళ్ళు 25 నుంచి 27 మధ్య ఉంటే బాగుంటుంది, 28 దాకా ఇబ్బంది లేదు, 30 దాటి రోజుల తరబడి ఉంటే కోరల్ తెల్లబడుతుంది. మనకున్న వరం ఏంటంటే గాలి పొడిగా ఉంటుంది. రంజనులో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? ఆవిరయ్యేటప్పుడు వేడి తీసుకుపోతుంది కాబట్టి. ట్యాంకు మూత తీసేసి, నీళ్ళ మీదుగా ఏటవాలుగా చిన్న ఫ్యాన్ ఒకటి పెడితే అదే జరుగుతుంది. నా దగ్గర గదిలో 36 ఉన్న మధ్యాహ్నం నీళ్ళు 28కి కొంచెం అటూ ఇటూ నిలబడతాయి. ఉక్కపోత ఉండే బాపట్లలో ఇదే ఫ్యాన్ ఇంత పని చేయదు. ఒక్క జాగ్రత్త, అదే గదిలో కూలర్ పెట్టకు. కూలర్ గదిని తేమతో నింపేస్తుంది, ఇక ట్యాంకు నీళ్ళు ఆవిరి కావు, నీకు చల్లగా ఉంటుంది, చేపకు వేడెక్కుతుంది. ఏసీ ఉంటే ఇబ్బందే లేదు. చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మిషను) కొనడం తర్వాతి మాట, మొదటి వేసవి ఫ్యాన్‌తో గడిపి అంకెలు రాసుకుని అప్పుడు నిర్ణయించుకో. చలికాలం రాత్రుల కోసం చిన్న హీటర్ మాత్రం పెట్టుకో, డిసెంబర్‌లో మన దగ్గరా నీళ్ళు 22 దాకా పడతాయి.

ఈ ఫ్యాన్ వల్ల రోజుకు నాలుగు లీటర్ల దాకా ఆవిరైపోతాయి. ఇక్కడే కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు, నేనూ తిన్నాను. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి తగ్గినచోట మంచినీళ్ళే పోయాలి. మొదటి వేసవిలో అత్తగారింట్లో పెళ్ళికి వారం రోజులు పోతూ, పక్కింటి అబ్బాయికి "గీత దాకా డ్రమ్ములో నీళ్ళు పొయ్యి నాయనా" అని చెప్పి పోయాను. డ్రమ్ములు రెండున్నాయి, రెండూ నీలివే, ఏది ఏదో రాయలేదు. ఆ పిల్లోడు చెప్పింది చెప్పినట్టు చేశాడు, రోజూ నాలుగు లీటర్లు, కలిపి పెట్టిన ఉప్పునీళ్ళు పోశాడు. తిరిగొచ్చి చూస్తే 1.026 ఉండాల్సింది 1.030 దాటింది. క్లౌన్‌లు మూలకు చేరి వేగంగా ఊపిరి తీస్తున్నాయి, ఎర్ర వీపు మీద తెల్ల గీత ఉండే క్లీనర్ రొయ్య రాయి వెనక పక్కకు పడిపోయి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఎంత తేలిగ్గా ఉందో ఇంకా గుర్తుంది. మూడు రోజులు పట్టింది ఉప్పును మెల్లగా కిందికి దించడానికి, ఒక్కసారిగా దించితే అదీ ప్రమాదమే. ఇప్పుడు నా డ్రమ్ముల మీద అరచేతంత అక్షరాలతో మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు అని పెయింటుతో రాసి ఉంటుంది. నువ్వు ఇంకో మెట్టు ముందుకెళ్ళి ఆటో టాపప్ కొను, నీటిమట్టం తగ్గగానే చిన్న పంపు తనే మంచినీళ్ళు పోస్తుంది. పోసేది డీఐ నీళ్ళే కావాలి. రోజుకు 4 లీటర్లు, 800 టీడీఎస్ బోరు నీళ్ళు పోశావనుకో, రెండు నెలల్లో దాదాపు 190 గ్రాముల అక్కరలేని లవణాలు ట్యాంకులో పేరుకుంటాయి. అవి ఎటూ పోవు.

రాళ్ళు, ఇసుక. మన గుట్టల రాయి గట్టి గ్రానైటు, సందులుండవు, బ్యాక్టీరియా లోపలికి పోలేదు, అందుకని పనికిరాదు. వాగు ఇసుకా వద్దు. అరగొనైట్ ఇసుక, రీఫ్ కోసం అమ్మే పొడి రాళ్ళు ఒక 15 కిలోలు చాలు. గోడలా పేర్చకు, నీళ్ళు వెనకనుంచి తిరిగేలా రెండు దిబ్బలుగా పెట్టు. ఎవరైనా రామేశ్వరం వైపు సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న రాయి) అని అమ్మితే తీసుకోవద్దు. అలా తీసే రాయి చాలాసార్లు పగడపు దిబ్బ ముక్కే.

ఇది చట్టం మాట కాబట్టి వివరంగా చెప్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి పగడాలన్నీ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నల్ల పగడం, ఎర్రటి గొట్టాల పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు కూడా. పులికి ఉన్న రక్షణే వీటికీ. శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. 2022లో చట్టాన్ని సవరించాక, అంతర్జాతీయ జాబితాలో ఉన్న విదేశీ జాతులు ఇంట్లో పెట్టుకున్నా ప్రభుత్వానికి తెలియజేయాలి, గట్టి పగడాలు ఆ జాబితాలోనూ ఉన్నాయి. అమ్మేవాళ్ళు అందరూ పెంచుకుంటున్నారులే అంటారు. నువ్వు అలా అనుకోకు. చట్టం ఒకటే కాదు, మన్నార్ సింధుశాఖలో సముద్రం వేడెక్కి ఇప్పటికే తెల్లబడుతున్న పగడాలను సుత్తితో కొట్టి మన హాలులోకి తెచ్చుకోవడం నాకు మనసొప్పదు. మెత్తటి జాతులతోనే ట్యాంకు అద్భుతంగా ఉంటుంది: మష్రూమ్‌లు, జోవాంథిడ్‌లు, లెదర్ కోరల్. రంగులకు కొదవ లేదు, కొత్త చేతికి బతుకుతాయి కూడా. బిల్లు ఇచ్చే షాపులో, ఇంకొకరి ట్యాంకులో పెరిగిన ముక్కలు అడిగి తీసుకో. జోవాంథిడ్‌లలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. వాటిని ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, తర్వాత చేతులు సబ్బుతో కడగడం. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో ఉడికించడం ఎప్పుడూ చేయకు, ఆ ఆవిరి పీల్చి మనుషులు ఆస్పత్రుల పాలైన సంఘటనలు ఉన్నాయి.

నీళ్ళు, రాళ్ళు, ఇసుక పడ్డాక ట్యాంకును తోడుపెట్టాలి. పాలకు తోడు వేసినట్టే అనుకో. చేపలు విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషం, మూడోది చేపకు పెద్దగా హాని చేయదు. ఆ బ్యాక్టీరియా రాళ్ళ మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. వాటికి తిండిగా 200 లీటర్లకు 1.25 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గరకు వస్తుంది. వెనకట గిన్నెలకు కళాయి పోసేవాళ్ళు వాడిన నవాసారం ఇదే, కానీ ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట స్వచ్ఛమైనది తెచ్చుకో. సీసాలో దొరికే బ్యాక్టీరియా కూడా పొయ్యి, అదే నీ తోడు. తోడు వేసి మాటిమాటికీ కదిపితే పెరుగు తోడుకోదు కదా, ఇదీ అంతే. వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో చూడు, మిగతా రోజులు వదిలెయ్. 2 వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయ్యి, నైట్రైటు కూడా సున్నా అయితే నీ ట్యాంకు సిద్ధం.

ఆ తర్వాత రాళ్ళ మీద గోధుమరంగు పొర వస్తుంది, అది పోయాక పచ్చటి పాచి. చాలామంది టెన్షన్ పడి ఇక్కడే మందులు పోస్తారు, వద్దు. ఏ ట్యాంకైనా ఈ దశ దాటే వస్తుంది. నాలుగైదు నత్తలు వెయ్యి, లైటు ఎనిమిది గంటలకు మించి ఉంచకు, నీళ్ళు వారానికి 20 లీటర్లు మార్చు.

అప్పుడు క్లౌన్‌లు. కొచ్చి కేంద్రంగా ఉన్న మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు వీటిని హ్యాచరీల్లో పుట్టించే పద్ధతి ఎప్పుడో అభివృద్ధి చేశారు, అందుకని సముద్రంలో పట్టినవి కాకుండా హ్యాచరీలో పుట్టినవే కావాలని అడుగు. గుళికల తిండి మొదటి రోజే తింటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకో. క్లౌన్‌లన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది, పాపకు ఇది చెప్తే సంబరపడుతుంది. అనిమోన్ (క్లౌన్‌లు దాక్కునే, పువ్వులా ఉండే సముద్ర జీవి) లేకపోతే బతకవేమో అనుకోకు, హాయిగా బతుకుతాయి. అనిమోన్ అయితే ఏడాది పాతబడ్డ ట్యాంకులోనే. నీలం రంగు టాంగ్ చేప షాపులో బొటనవేలంత ఉంటుంది, పెరిగితే దానికి ఆరడుగుల ట్యాంకు కావాలి, నీ దాంట్లో వద్దు. మొత్తం మీద నాలుగైదు చిన్న చేపలు నీ హద్దు, ఒక్కోసారి ఒకటి రెండే, మధ్యలో నెల తేడాతో.

హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు థర్మాకోల్ పెట్టెలో, ఎండ దిగాక బయలుదేరు. ఇంటికొచ్చాక మూసిన కవరే నీళ్ళలో 20 నిమిషాలు తేల్చు. షాపు నీళ్ళ ఉప్పు ఎంతో అక్కడే కొలిపించుకుని రా, చాలా షాపులు రోగాలు తగ్గడానికి తక్కువ ఉప్పులో ఉంచుతాయి. తేడా ఎక్కువుంటే నేరుగా ట్యాంకులో వదలకు. ఎలాగూ కొత్త చేపను నెల రోజులు వేరే తొట్టిలో ఉంచాలి, 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్, స్పాంజ్ ఫిల్టరు, పీవీసీ పైపు ముక్క దాక్కోవడానికి. ఆ తొట్టిలో షాపు ఉప్పుతోనే మొదలుపెట్టి రోజులమీద పెంచుకో. తెల్లచుక్కల రోగం పెద్ద ట్యాంకులోకి వచ్చిందంటే చేపలన్నీ బయటికి తీసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాల్సి వస్తుంది, దాన్ని తగ్గించే రాగి మందు కోరల్ ఉన్న ట్యాంకులో వేయలేం కదా.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచు. ఆ గదిలో దోమల స్ప్రే, బొద్దింకల మందు కొట్టకూడదు, రొయ్యలకు అవి తక్షణం ప్రాణాంతకం. సాంబ్రాణి పొగ వేసేరోజు ఆ గది తలుపు మూసెయ్యండి. ఫినాయిల్‌తో తుడిచిన చేతులు ట్యాంకులో పెట్టకూడదు.

నీ బడ్జెట్ 60 వేలలో గాజుకూ లైటుకూ ఎక్కువ పోతోంది. లైటు మెత్తటి కోరల్స్‌కి మధ్యరకం ఎల్‌ఈడీ చాలు, ఆ మిగిలింది ఆర్వో డీఐ మీద, ఆర్‌సీసీబీ మీద, ఆటో టాపప్ మీద పెట్టు. ట్యాంకు డెలివరీ వచ్చేలోపు టీడీఎస్ మీటరు ఒకటి కొని బోరు నీళ్ళు, కృష్ణా నీళ్ళు, ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు మూడూ కొలిచి అంకెలు రాసి పెట్టు, మిద్దె ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో కూడా రాయి. అవి చూశాక ఎలాంటి మెంబ్రేను, ఎంత రెసిన్ కావాలో లెక్కగట్టి చెప్తాను.